సీసాపై పేరు, సీసాపై సంఖ్య

అంగడిలో ఆవకాయ కొనువారు మూత తీయించి వాసన చూతురు. నూనె కనరు వాసన వచ్చుచున్నదేమో గమనింతురు. ఆన్‌లైన్‌లో కొనువారికి ఈ వీలు లేదు. వారికి కనబడునది బొమ్మయు, పేరును మాత్రమే. కావుననే ఇట్టి అమ్మకములకు చట్టము కొన్ని నియమములు విధించినది. వానిలో లైసెన్సును, ట్రేడ్‌మార్కును పలువురు ఒకటిగా భావించుచున్నారు. ఈ పొరపాటు వలన ఆరోగ్యమునకే ముప్పు కలుగవచ్చును.

2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి, ఇంటిలో పచ్చళ్లు పెట్టి ఫోను ద్వారా అమ్ము గృహిణియు ఆహార వ్యాపారియే. "మాది ఇంటి తయారీ, మాకు లైసెన్సుతో నిమిత్తమేమి?" యను మాట చెల్లదు. చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషను చాలును. తక్కినవారు లైసెన్సు పొందవలయును. 2011 నాటి నిబంధనలు సాలుకు 12 లక్షల రూపాయల అమ్మకమును ఈ రెంటికి నడుమ హద్దుగా నిర్ణయించినవి. ఇట్టి హద్దులు మారుచుండును గనుక దరఖాస్తునకు ముందు స్థానిక ఆహార భద్రతాధికారిని విచారించుట మేలు. ఉభయులకును 14 అంకెల సంఖ్య యొసగబడును. లైసెన్సు సంఖ్య 1తోను, రిజిస్ట్రేషను సంఖ్య 2తోను ఆరంభమగును. ఆ సంఖ్యను ప్యాకెట్టుపై ముద్రింపవలయును. ఇతరుల సరుకు నమ్మించు ఆన్‌లైన్ కంపెనీలు ఇట్టి సంఖ్య లేనివారిని చేర్చుకొనరాదు.

ట్రేడ్‌మార్కు సంగతి వేరు. 1999 నాటి చట్టము ప్రకారము అది సరుకు ఎవరిదో తెలుపు గుర్తు. దానిని నమోదు చేయించుకొనుట నిర్బంధము కాదు. చేయించినచో 10 సంవత్సరములు చెల్లును, పిదప పొడిగించుకొనవచ్చును. నమోదు కాకుండ వలయములోని ఆర్ అక్షరమును ముద్రించుట మాత్రము చట్టవిరుద్ధము. "గోంగూర పచ్చడి" వస్తువు పేరు. దానిని ఏ ఒక్కరును సొంతము చేసుకొనజాలరు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు సైతము ఆ ప్రాంతపు తయారీదారుల ఉమ్మడి సొత్తేగాని ఒక దుకాణపు ట్రేడ్‌మార్కు కాదు.

ట్రేడ్‌మార్కు కార్యాలయము పేరును పరీక్షించును, పచ్చడిని పరీక్షింపదు. ముచ్చటైన చిహ్నము గల సీసాలో బూజు పట్టిన సరుకుండవచ్చును. కొన్ని బూజులు విషమును పుట్టించును. పైపొర తీసివేసినంత మాత్రమున అది పోదు. లైసెన్సు గలదని ప్రతి సీసాయు మంచిదని కాదు. అయితే వండినవారెవరో, ఎచ్చట వండిరో ప్రభుత్వమునకు తెలియును. అధికారి వెళ్లి చూడగలడు, నమూనా తీయగలడు. పేరు తెలిపెడి గుర్తుకు ఈ బలము లేదు.

కొనువారు మొదట 14 అంకెల సంఖ్యను ఆహార భద్రతా సంస్థ వెబ్‌సైటులో సరిచూచుకొనవలయును. సరుకు చేరిన పిమ్మట తయారీ తేదీ, గడువు, చిరునామా చదువవలయును. 2020 నాటి ఈ-కామర్స్ నియమముల ప్రకారము, ఫిర్యాదు అందినట్లు కంపెనీ 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరింపవలయును. అట్లు జరుగనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపవచ్చును. ఫిర్యాదు తేలువరకు సీసాను, బిల్లును పారవేయరాదు.