కార్యదర్శికి కులం లేని ఊరు

తెలుగు తెర మీద పనిచోటు హాస్యానికి ముడిసరుకు కావడం కొత్త కాదు. 2001లో జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ ఒక హోటల్ యజమానులనూ, వాళ్ల దగ్గర పనిచేసే సర్వాన్నీ ఏళ్ల తరబడి మన ఇంటి మనుషులను చేసింది. అదే ఏడాది హిందీలో వచ్చిన ‘ఆఫీస్ ఆఫీస్’ ప్రభుత్వ కార్యాలయాల లంచగొండితనాన్ని నవ్వుల పాలు చేసింది. 2025 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘సివరపల్లి’ కూడా ఈ వరుసలోదే. 2020 నాటి హిందీ ‘పంచాయత్’కు ఇది తెలుగు రూపం. ఇంజనీరింగ్ చదివిన యువకుడొకడు తెలంగాణలోని మారుమూల పల్లెకు అయిష్టంగా పంచాయతీ కార్యదర్శిగా వస్తాడు. అక్కడ సర్పంచ్ పదవి భార్యది, పెత్తనం భర్తది. తక్కినదంతా ఊరికీ ఆ యువకుడికీ మధ్య నడిచే సరదా పెనుగులాట.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారికి ఈ కథ కల్పనగా తోచదు. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ప్రతి గ్రామపంచాయతీకి ఒక కార్యదర్శి ఉండాలన్న లక్ష్యంతో అదే సంవత్సరం 9,355 జూనియర్ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వెలువడింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వీరి ఉద్యోగానికే ముప్పు. మేకలు మేసిన మొక్కకు కార్యదర్శి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఏ రచయితా కల్పించనక్కరలేని హాస్యం. తమను క్రమబద్ధీకరించాలని వీరు 2023 ఏప్రిల్ చివర సమ్మెకు దిగారు. ఈ కొలువుల్లోకి రిజర్వేషన్ల ద్వారా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు కూడా వచ్చారు. అయితే తెర మీది కార్యదర్శికి ఉన్న ఇబ్బందులే వీరివీ అనుకోగలమా?

ఇటువంటి కథలో నవ్వంతా కార్యదర్శి పరాయితనం నుంచి పుడుతుంది. ఊరు అతనికి కొత్త, అతను ఊరికి కొత్త. ‘పంచాయత్’లో కార్యాలయం తాళంచెవి కనబడకపోవడంతో కథ మొదలవుతుంది. కార్యదర్శి ఆ కార్యాలయంలోనే నివాసముంటాడు. ప్రధాన్ ఇంట్లో భోజనం చేస్తాడు, సాయంత్రం తోటి మనుషులతో మంచం మీద కూర్చుని కబుర్లాడతాడు. అతని పరాయితనం పట్నపుతనం వల్ల వచ్చింది గనుక నాలుగు భాగాలు తిరిగేలోపు కరిగిపోతుంది. ఈ స్నేహానికి ముందే ఒక అనుమతి ఉంది. అతని కులం ఏ గడప దగ్గరా అతన్ని ఆపదు. ఆ ఒక్క వివరాన్ని మార్చి చూడండి. తొలి భోజనం దగ్గరే కథ ఆగిపోతుంది.

కులం మారితే ఏమవుతుందో ఊహించనక్కరలేదు, చరిత్రలో నమోదై ఉంది. అంబేద్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక దళిత యువకుడి అనుభవాన్ని అతని మాటల్లోనే పొందుపరిచారు. ఆ యువకుడు 1936లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా బోర్సద్ తాలూకాలో తలాటీగా, అంటే మన పట్వారీ వంటి కొలువులో చేరాడు. దగ్గరికి రావద్దని గుమాస్తా గద్దించాడు, నియామకపు ఉత్తర్వును నేల మీద పెట్టించి తీసుకున్నాడు. తాగునీటికి ఒక తుప్పు పట్టిన డబ్బా కేటాయించారు. నీళ్లు పోసే మనిషి లేని రోజు దాహమే. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. నాలుగు రాత్రులు అతను కార్యాలయం అరుగు మీదే పడుకున్నాడు. చివరికి గుంపు మీదపడితే ప్రాణం దక్కించుకుని కొలువు వదిలి పారిపోయాడు. ఇద్దరూ ఊరికి కొత్తగా వచ్చిన ఉద్యోగులే, ఇద్దరూ కార్యాలయంలోనే నిద్రించారు. ఒకరి కథ హాస్యమైంది, మరొకరిది వాంగ్మూలమైంది.

అది గుజరాత్ సంగతి, 1936 నాటి మాట అని ఇక్కడి వారు తప్పించుకోలేరు. పనికీ కులానికీ మధ్య ముడి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో ఎంత బిగువుగా ఉండేదో 1978 చెబుతుంది. దొర గడీయే నాటి కార్యాలయం. ఎవరు బట్టలుతకాలో, ఎవరు చెప్పులు కుట్టాలో, ఎవరు కబురు మోయాలో కులమే నిర్ణయించేది. ఆ వెట్టి మీద ధిక్కారమే ఆ సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర అయింది. మరుసటి నెలలోనే ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. గడీ కూలింది గానీ పని విభజన పూర్తిగా కూలలేదు. నేటి పంచాయతీ కార్యాలయంలో కుర్చీ ఎవరిది, మురుగు కాలువ ఎవరిది అని అడిగితే ఆ సంగతి తెలుస్తుంది. ఊరు ఊడ్చే చేతులు ఎక్కువగా దళితులవే. వారు ఇటువంటి హాస్యంలో పాత్రలు కారు, మహా అయితే నేపథ్యంలో కదిలే మనుషులు.

హిందీ ‘పంచాయత్’లో ప్రధాన పాత్రల ఇంటిపేర్లు త్రిపాఠీ, దూబే, పాండే, శుక్లా. ఊరంతా ఒకే కులపు చుట్టరికంలా కనిపిస్తోందని కనీసం పేర్లయినా పట్టిస్తాయి. తెలుగులో శ్యామ్ వంటి పేరు ఆ ఆధారాన్ని కూడా మిగల్చదు. మన పల్లెల్లో మాత్రం ‘మీరెవరు?’ అన్న ప్రశ్నకు పేరు చెబితే సరిపోదు. మరో విశేషం చూడండి. రాజ్యాంగంలోని 243-డి అధికరణే మహిళలకూ, షెడ్యూల్డు కులాలకూ, తెగలకూ పంచాయతీల్లో సీట్లు రిజర్వు చేసింది. భార్య కుర్చీలో భర్త కూర్చోవడం హాస్యానికి పనికొచ్చింది. దళిత సర్పంచ్ కుర్చీని ఊరిపెద్ద నడపడం మాత్రం హాస్యానికి కనబడలేదు. అధికరణం ఒక్కటే, నవ్వు సగానికే పరిమితం.

కులాన్ని ముట్టుకుంటే నవ్వు చచ్చిపోతుందని కొందరంటారు. 2005లో మొదలైన అమెరికన్ ‘ది ఆఫీస్’ తన రెండో భాగంలోనే జాతి వివక్షను కథావస్తువు చేసుకుంది. వైవిధ్యం మీద శిక్షణ పేరుతో ఆ మేనేజర్ సాటి ఉద్యోగులను అవమానిస్తూ పోతాడు. ప్రేక్షకులు నవ్వేది అవమానించేవాడి అజ్ఞానం మీద, అవమానపడ్డవారి మీద కాదు. నవ్వు ఎవరి వైపు తిరగాలన్నది రచయిత నిర్ణయమే.

నిజమైన కార్యాలయాల్లో నవ్వు ఎటు తిరుగుతోందో ఆ గదుల్లో కూర్చునేవారికి తెలుసు. ‘కోటా’ మీద విసిరే ఛలోక్తి, పదోన్నతి నాడు వినిపించే వెటకారం, విడిగా ఉంచే గ్లాసు మీద మౌనం, ఇవన్నీ సరదాల ఖాతాలోనే జమవుతాయి. 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం ప్రకారం కులం పేరుతో చేసిన అవమానం జనం చూసే చోట జరిగితేనే నేరం. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాట ఆ నిబంధన కిందికి రాదని 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తలుపు మూసిన గదిలోని మాటకు చట్టం చేరలేకపోయినా కళ చేరగలదు. హాస్యం చేయాల్సిన పని అక్కడే ఉంది.

అసలు కార్యాలయమంటే కుర్చీ, బల్ల, ఫైలు మాత్రమేనా? కోరుట్లలో ఒళ్లో చాట పెట్టుకుని, ఎదురుగా టీవీ నడుస్తుండగా బీడీలు చుట్టే స్త్రీకి ఇల్లే పనిచోటు. ఆమె కట్టల్లో బాగోలేవని ఎన్ని పక్కన పడేస్తారో అన్నదే ఆమె రోజువారీ ఉత్కంఠ. సిరిసిల్లలో యజమాని, ఆసామి, కార్మికుడు అన్న మూడంచెల మరమగ్గాల లోకం ఉంది. అక్కడ ముగ్గురిదీ తరచుగా ఒకే కులం. కులబంధుత్వం కూలి అడిగే గొంతును ఎలా మెత్తబరుస్తుందో చూపడానికి అంతకు మించిన రంగస్థలం లేదు. టీవీ చూస్తూ పనిచేసేవారి పని టీవీలో కనిపించకపోవడం యాదృచ్ఛికం కాదు. ఏ పని కథకు తగినదో నిర్ణయించేవారు వేరే చోట, వేరే కులాల్లో ఉన్నారు.

జగిత్యాలలోనో సిరిసిల్లలోనో పోటీ పరీక్షలకు చదువుకునే దళిత విద్యార్థిని రేపు ఏదో ఒక పల్లెకు కార్యదర్శిగా వెళ్తుంది. ఆమెకు కరెంటు పోయిన రాత్రులు, సంతకం పెట్టని సర్పంచ్ భర్త, ఎండిపోయిన మొక్కలు, నలుగురినీ నవ్వించే తిప్పలన్నీ ఉండవచ్చు. అద్దె ఇల్లూ గుక్కెడు నీళ్లూ మాత్రం ఆ తిప్పల్లో చేరకూడదు. అవి చేరకుండా చూడటం జిల్లా యంత్రాంగం బాధ్యత, రాజకీయ పక్షాల బాధ్యత. చేరినప్పుడు దాచకుండా చూపడం రచయితల బాధ్యత. ఆమె కథానాయికగా ఒక హాస్య ధారావాహిక వచ్చేదాకా మన పంచాయతీ హాస్యం ఊరి సగం గడపలే తొక్కినట్టు.