మీకు తెలుసా? వాన మాట, వాక్యం బాట

‘మాది ముదిగుబ్బ’ అని తన ఊరు చెబుతాడు ఒక రైతు. ఆ మాటలో క్రియ లేదు, అయినా నిండు వాక్యమే. ఇంగ్లిష్‌లో మామూలు వాక్యానికి ‘ఈజ్’ లాంటి క్రియ తప్పదు.

వానను నమ్ముకున్న ఈ మెట్ట రైతు ‘వాన పడితే శెనక్కాయ వేస్తాం’ అంటాడు. ‘పడితే’ చివరి ‘తే’ చేసే పనిని ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ చేస్తుంది, అదీ ముక్క మొదట్లోనే: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి సో గ్రౌండ్‌నట్స్.’ ఆ ‘ఇట్’ ఏ వస్తువునూ సూచించదు. కర్త చోటు ఖాళీగా ఉండకూడదని వచ్చిందంతే. ‘ఇఫ్’ ముక్క ఒంటరిగా నిలవదు కనుక ఇది సంక్లిష్ట వాక్యం. ‘ఇట్ రెయిన్డ్, అండ్ వి ప్లౌడ్’ సంయుక్తం. రెండు ముక్కలూ విడిగా నిలుస్తాయి. బడిలో ఈ తేడాను పొలం మాటలతోనే చెప్పాలి.

ప్రశ్నకు మనం ‘వాన పడిందా?’ అని చివర సాగదీస్తే చాలు. ఇంగ్లిష్‌లో ‘డిడ్’ ముందుకొస్తుంది, ‘రెయిన్డ్’ తిరిగి ‘రెయిన్’ అవుతుంది.