కళ్ళజోడు – లేజర్ : తెలుసుకోవలసిన నిజాలు

అన్ని ఇంద్రియాల్లోకీ కన్నే ప్రధానమని పెద్దలు చెబుతారు. చదువుకునే వాళ్ళకు ఆ మాట మరీ నిజం. అయినా మన హాస్టల్లో కళ్ళ గురించి మాట్లాడుకునేది రెండే సందర్భాల్లో. ఒకటి, అందరికీ ఒకేసారి కళ్ళకలక వచ్చినప్పుడు. రెండు, ఎవరైనా కొత్తగా కళ్ళజోడు పెట్టుకొచ్చి "సోడాబుడ్డి" అనిపించుకున్నప్పుడు.

ఈ మధ్య సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, లేజర్ చేయిస్తే సైటు మొత్తం పోతుందంట కదా?" పోలీసు సెలక్షన్లకు తయారవుతున్నవారు అడుగుతారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నవారు అడుగుతారు. మేము డాక్టర్లం కాము. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాం. లేజర్ మాకు పాఠ్యాంశం. మన ఇళ్ళల్లో ఇలాంటివి అడిగితే చెప్పే చదువుకున్న పెద్దలు తక్కువ. అందుకే మేము చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది ఈ సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాం.

సైటు ఎందుకు వస్తుంది?

పదో తరగతి భౌతికశాస్త్రంలో మనిషి కన్ను గురించి అందరం చదువుకున్నాం. వెలుగు కంటిలోకి వెళ్ళి, వంగి, వెనుకనున్న రెటీనా మీద పడితే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. కన్ను మొత్తం వెలుగును వంచే శక్తి సుమారు 60 డయాప్టర్లు. ఇందులో కంటి లోపలి కటకం వాటాయే ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. కాదు. సుమారు 43 డయాప్టర్లు నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే కార్నియాదే. ఈ సంగతి గుర్తుంచుకుంటే లేజర్ ఆపరేషన్ సగం అర్థమైనట్లే.

కొందరి కనుగుడ్డు ఉండవలసిన దానికంటే కొంచెం పొడవుగా పెరుగుతుంది. అప్పుడు బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడి, దూరపు వస్తువులు మసకబారతాయి. దీన్నే హ్రస్వదృష్టి అంటాం. మైనస్ 3 సైటు ఉన్నవారికి కళ్ళజోడు లేకుండా స్పష్టంగా కనిపించే దూరం సుమారు 33 సెంటీమీటర్లే. ఒడిలో పుస్తకం కనిపిస్తుంది, నల్లబల్ల కనిపించదు. కళ్ళజోడులోని పుటాకార కటకం వెలుగును ముందే కాస్త విప్పి పంపుతుంది కాబట్టి బొమ్మ వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది.

లేజర్ చేసేదీ ఇదే పని. కంటి ముందు అద్దం పెట్టడానికి బదులు, కార్నియా మధ్యభాగాన్ని కొద్దిగా చదును చేసి దాని వంపు తగ్గిస్తారు. అంతే తేడా.

టర్కీ కోడి మాంసంతో మొదలైన కథ

కత్తితో కార్నియా మీద గాట్లు పెట్టి సైటు తగ్గించే పద్ధతి 1970ల్లో రష్యాలో ప్రచారంలోకి వచ్చింది. లేజర్ రాకకు కారకుల్లో ముఖ్యుడు మన దక్షిణాదివాడే. మద్రాసులో 1929లో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో అక్కడి థాంక్స్ గివింగ్ పండుగ మర్నాడు, విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం ముక్కను ఆయన ల్యాబుకు తీసుకెళ్ళారు. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత ఎక్సైమర్ లేజర్‌ను దానిపై ప్రయోగించారు. మాంసం కాలలేదు, మాడలేదు. ఉలితో చెక్కినట్లు నున్నగా తెగింది.

కారణం ఏమిటంటే, ఆ కిరణాల శక్తి కణజాలంలోని రసాయన బంధాలను నేరుగా తెంచేస్తుంది. చుట్టుపక్కలకు వేడి పాకదు. ఒక్కో కిరణ స్పందనకు మైక్రాన్‌లో నాలుగో వంతు పొర లేచిపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కనుక్కున్న ఈ విషయాన్ని స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరు 1983లో కార్నియాకు అన్వయించారు. అక్కడి నుంచి నేటి చికిత్స మొదలైంది.

మూడు పద్ధతులు

మొదటిది పీ.ఆర్.కె. కార్నియా పైన ఉండే పల్చని చర్మం లాంటి పొరను తొలగించి, కింది భాగాన్ని లేజర్‌తో చెక్కుతారు. పై పొర మళ్ళీ పెరగాలి కనుక కొన్ని రోజులు నొప్పి, మంట ఉంటాయి. చూపు కుదురుకోవడానికీ సమయం పడుతుంది. అమెరికాలో దీనికి 1995లో అనుమతి వచ్చింది. కార్నియా పల్చగా ఉన్న కొందరికి ఇప్పటికీ ఇదే సూచిస్తారు.

రెండోది అందరికీ తెలిసిన లాసిక్. కార్నియాపై సుమారు 100 నుంచి 120 మైక్రాన్ల మందాన ఒక మూతను కోస్తారు. ఒకవైపు అతుక్కునే ఉంచి, పుస్తకం అట్ట తెరిచినట్లు దాన్ని తెరుస్తారు. లోపలి భాగాన్ని ఎక్సైమర్ లేజర్‌తో చెక్కి, మళ్ళీ మూసేస్తారు. కుట్లు ఉండవు. చాలామందికి మర్నాటికే చూపు తేటపడుతుంది. అయితే మూత చుట్టూ కోత సుమారు 20 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో సన్నని నరాలు తెగడం వల్ల కొంతకాలం కళ్ళు పొడిబారతాయి. గట్టి దెబ్బ తగిలితే మూత కదిలే ప్రమాదం అరుదుగానైనా ఉంటుంది.

మూడోది స్మైల్. దీనికి ఫెమ్టోసెకండ్ లేజర్ వాడతారు. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్కో భాగాన్ని మళ్ళీ పది భాగాలు చేస్తే ఒక ఫెమ్టోసెకండ్. అంత తక్కువ సమయంలో వెలిగి ఆరే పరారుణ కిరణం కార్నియా పైభాగాన్ని తాకకుండా దాటి, లోపల అనుకున్న లోతులోనే కోస్తుంది. అలా కార్నియా లోపలే చిన్న కటకం ఆకారంలో ఒక బిళ్ళను కోసి, పక్కన 2 నుంచి 4 మిల్లీమీటర్ల రంధ్రం గుండా దాన్ని బయటికి లాగేస్తారు. మూత కోసే పనే లేదు. అందుకే కళ్ళు పొడిబారడం కాస్త తక్కువ, మూత కదులుతుందన్న భయం లేదు. అమెరికా 2016లో దీనికి అనుమతినిచ్చింది. దీనికీ పరిమితులున్నాయి. ప్రధానంగా హ్రస్వదృష్టికే వాడతారు. తర్వాత కొద్దిగా సైటు మిగిలితే సరిదిద్దడం లాసిక్‌లో కన్నా కష్టం.

ఇంత చిన్న స్పందనలను బలంగా తయారుచేసే పద్ధతిని 1985లో కనుగొన్నందుకే జెరార్డ్ మౌరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పని చేసేనాటికి స్ట్రిక్‌లాండ్ ఇంకా పరిశోధక విద్యార్థినే.

మూడు పద్ధతుల్లోనూ మత్తు సూది ఉండదు. కంట్లో చుక్కలు వేసి తిమ్మిరెక్కిస్తారు. ఎదురుగా ఉన్న చిన్న దీపాన్ని చూస్తుండమంటారు. లేజర్ పనిచేసేది ఒక్కో కంటికి కొన్ని సెకన్లు మాత్రమే.

అసలు సంగతి పరీక్షలోనే ఉంది

ఆపరేషన్ నిమిషాల్లో అయిపోతుంది కదా అని అందరికీ చేయరు. ఎందుకో ఒక చిన్న లెక్క చూద్దాం. కార్నియా మధ్య మందం సగటున 540 మైక్రాన్లు. లాసిక్‌లో ఒక డయాప్టర్ సైటు తీయాలంటే సుమారు 12 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 4 ఉన్నవారికి 48 మైక్రాన్లు. మూతకు 110 తీసేస్తే కింద 382 మిగులుతాయి. పరవాలేదు. అదే కార్నియా మందం 470 ఉండి, సైటు మైనస్ 9 ఉందనుకోండి. 110, 108 పోగా మిగిలేది 252. కింద కనీసం 250 నుంచి 300 మైక్రాన్లు మిగలాలంటారు కనుక ఏ జాగ్రత్తగల డాక్టరైనా ఇక్కడ వద్దనే చెబుతారు. మరీ పల్చబడిన కార్నియా కంటి లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి, చూపు శాశ్వతంగా చెడిపోవచ్చు. చెక్కిన కార్నియాను మళ్ళీ అతికించలేం. కళ్ళజోడు నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఇది అలా కాదు.

అందుకే ముందు కార్నియా మందం కొలుస్తారు, దాని ఎత్తుపల్లాలు పటంలా తీస్తారు, కంటి తడి చూస్తారు, రెటీనా పరీక్షిస్తారు. కింది వారికి సాధారణంగా వద్దంటారు:

18 ఏళ్ళు నిండనివారు.
గడిచిన ఏడాదిలో సైటు మారినవారు.
కార్నియా శంకువులా ముందుకు వచ్చే కెరటోకోనస్ జబ్బు ఉన్నవారు. కళ్ళు అదేపనిగా నులుముకునేవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.
కళ్ళు బాగా పొడిబారినవారు.
గర్భిణులు, పాలిచ్చే తల్లులు.
అదుపులో లేని షుగరు, కీళ్ళవాతం వంటి జబ్బులున్నవారు.

ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు చుక్కలు వేసుకోవలసి రావచ్చు. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. కళ్ళు నులమకూడదు. కొన్ని వారాలు చెరువులో, బావిలో ఈత కొట్టకూడదు. ఒకే తువాలు నలుగురం వాడే అలవాటు ఉన్న చోట ఈ జాగ్రత్తలు అంత తేలిక కాదని మనకు తెలుసు. ఇక ఖర్చు పద్ధతిని బట్టి, ఆసుపత్రిని బట్టి వేల రూపాయల నుంచి లక్ష దాటే వరకూ ఉంటుంది.

ఉద్యోగం కోసమా? ముందు ఇది చదవండి

సైటు పోతే చాలు, ఏ ఉద్యోగానికైనా అర్హత వస్తుందని కొందరు అనుకుంటున్నారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవారు అర్హులు కారు. సైనిక దళాల్లో కొన్ని విభాగాలు షరతులతో అనుమతిస్తాయి. ఏ వయసులో చేయించుకున్నారు, చేయించుకుని ఎన్నాళ్ళయింది, కార్నియా ఎంత మందం మిగిలింది అని చూస్తాయి. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్నాక నోటిఫికేషన్ చదివితే లాభం లేదు. ముందు మీరు కోరుకునే ఉద్యోగపు వైద్య ప్రమాణాలు పూర్తిగా చదవండి. కళ్ళజోడుతోనే అర్హత ఉన్న ఉద్యోగాలు ఎన్నో ఉన్నాయి.

లేజర్ ఇవ్వలేనిది

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. కళ్ళజోడు పెట్టుకుంటే మీకు ఎంత చూపు వస్తుందో, లేజర్ కూడా దాదాపు అంతే ఇస్తుంది. అంతకు మించి ఇవ్వదు.

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడున్నాడు. పరుగులో, లాంగ్ జంప్‌లో అతనికి తిరుగులేదు. ఒక ఉద్యోగపు మెడికల్ పరీక్షలో ఎడమ కంటికి చార్టులో పై వరుసలు తప్ప ఏమీ కనిపించలేదు. లేజర్ చేయిద్దామని ఇంట్లోవాళ్ళు మేకలమ్మి డబ్బు సిద్ధం చేశారు. డాక్టరు గారు పరీక్షించి, ఏ అద్దం పెట్టినా ఆ కంటికి చూపు మెరుగుపడటం లేదని, లేజర్ వల్ల లాభం లేదని చెప్పారు. చిన్నతనం నుంచీ ఆ కంటికి సైటు ఎక్కువ. కుడి కన్ను బాగుండటంతో ఎవరికీ తెలియలేదు. మసక బొమ్మ అందుకుంటూ వచ్చిన మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసింది. దీన్ని లేజీ ఐ అంటారు. చిన్న వయసులోనే గుర్తించి కళ్ళజోడు పెడితే, బాగున్న కంటిని రోజూ కొంతసేపు మూసి ఉంచితే, చాలావరకు బాగవుతుంది. వయసు పెరిగేకొద్దీ కష్టమవుతుంది.

మేకలు అమ్మినా రాని చూపు, ఏడేళ్ళప్పుడు ఒక కళ్ళజోడుతో వచ్చి ఉండేది.

అలాగే ఎక్కువ సైటున్నవారి కనుగుడ్డు పొడవు లేజర్ తర్వాత కూడా తగ్గదు. రెటీనాకు ఉండే ప్రమాదం అలాగే ఉంటుంది కనుక పరీక్షలు మానకూడదు. నలభై దాటాక వచ్చే చత్వారమూ ఆగదు.

కాబట్టి ఏం చేద్దాం?

ఈ రోజే ఒక పని చేయండి. వెనుక బెంచీలో కూర్చుని, అరచేత్తో ఒక కన్ను మూసి బోర్డు చదవండి. తర్వాత రెండో కన్ను మూసి చదవండి. ఏ కంటికి తేడా ఉన్నా వార్డెన్ గారికి చెప్పండి. మూడు, నాలుగు తరగతుల తమ్ముళ్ళ చేత మీరే చేయించండి. వాళ్ళకు తమకు కనిపించడం లేదన్న సంగతే తెలియదు, లోకమే అంత మసక అనుకుంటారు. పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాడిని, కళ్ళు చికిలించి చూసేవాడిని మొద్దు అనకండి. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెలంగాణలో 2018లోనూ 2023లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో లక్షలాది మందికి పరీక్షలు జరిగి, ఉచితంగా కళ్ళజోళ్ళు అందాయి. హైదరాబాదులో 1987 నుంచి పనిచేస్తున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డబ్బు కట్టలేనివారికి ఉచితంగా వైద్యం అందిస్తోంది. విశాఖపట్నం, విజయవాడల్లోనూ దాని ఆసుపత్రులున్నాయి.

కళ్ళజోడు పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్నది అపోహ. రోజూ కాసేపు ఆరుబయట వెలుతురులో ఆడుకోవడం పిల్లల కళ్ళకు మేలు చేస్తుందన్నది నిజం.

లేజర్ చెడ్డదని మేము అనడం లేదు. 18 దాటి, సైటు నిలకడగా ఉండి, పరీక్షలన్నీ సరిపోయి, సొంత సంపాదన వచ్చాక చేయించుకోవాలనిపిస్తే నిశ్చింతగా ఆలోచించండి. కానీ ఎవరో నవ్వారని చేయించుకోకండి. మన ప్రార్థన హాల్లో ఉన్న అంబేద్కర్ గారి ఫోటో చూడండి. ఆయన కళ్ళజోడుతోనే ఉంటారు. ఆ కళ్ళజోడుతోనే అన్ని వేల పుస్తకాలు చదివారు.

వచ్చే వార్షికోత్సవం నాటికి బోర్డు కనిపించని విద్యార్థి మన హాస్టల్లో ఒక్కడూ ఉండకూడదని ఆశిస్తూ, తమ్ముళ్ళందరికీ, పూర్వ విద్యార్థి మిత్రులకూ వార్షికోత్సవ శుభాకాంక్షలు.