చిత్తూరు చుట్టాల కార్డు వేరు, మన కార్డు వేరు

వైద్యం ఖర్చును ఒక్కో దేశం ఒక్కో తీరున మోస్తుంది. బ్రిటన్‌లో 1948 నుండి ప్రభుత్వమే పన్నుల సొమ్ముతో చూస్తోంది. జర్మనీలో 1883లో మొదలైన పద్ధతి ప్రకారం కార్మికుడు, యజమాని కలిసి చందా కడతారు. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ప్రైవేటుకు వెళితే చాలామంది చేతి డబ్బే పెట్టాలి. ఆ భారం తగ్గించడానికే రాష్ట్రాలు బీమా పథకాలు తెచ్చాయి.

వేలూరు, గుడియాత్తంలోని మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిత్తూరు చుట్టాలకున్న ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య పథకం మనకు వర్తించదు. ఈ పథకాలు భాషను చూడవు, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో చూస్తాయి. మనకున్నది తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా. ఏడాది ఆదాయం 1,20,000 రూపాయలు దాటని కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల వరకు వస్తుంది. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. అయితే పథకంలో చేరిన ఆసుపత్రుల్లో, జాబితాలో ఉన్న చికిత్సలకే ఇది చెల్లుతుంది. కాబట్టి రోగిని చేర్చే ముందే అక్కడి బీమా కౌంటరులో అడగండి.

రేషన్ కార్డు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని వేలూరు కలెక్టరు ఆఫీసులోని బీమా కేంద్రానికి వెళ్లాలి. ఆపరేషన్ తేదీ చెప్పాక కాగితాల కోసం తిరగడం కష్టం. ఇంట్లో అందరూ బాగున్నప్పుడే ఈ పని ముగించుకోండి.