శ్రమకాలంలో మానుకోవలసింది కులమే

ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని మా ప్రాంతంలో నానుడి. గోదావరిలో మునిగి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని, యమధర్మరాజుకు మొక్కి వెళ్లే యాత్రికులను చూస్తూ పెరిగాను. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి అక్కడ బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. దాదాపు ప్రతి ఏటా అవే రోజుల్లో మా వాడలోని క్రైస్తవ కుటుంబాలు శ్రమకాలాన్ని పాటిస్తుంటాయి. భస్మ బుధవారంతో మొదలై, ఆదివారాలను మినహాయించి నలభై దినాలపాటు ఈస్టరు వరకు సాగే ఉపవాస కాలమది. కొందరు మధ్యాహ్నం భోజనం మానుతారు, కొందరు మాంసం మానుతారు. సాయంత్రం ఇంటింటా సిలువ ధ్యానాలు జరుగుతాయి. ఈ దినాల్లో పాస్టర్లందరి నోటా వినిపించే మాట ఒక్కటే: పరిశుద్ధంగా జీవించండి.

పరిశుద్ధత అంటే ఏమిటి? నాకు మొదట తెలిసిన పరిశుద్ధత మడి. మడి కట్టుకున్న మనిషి ఎదురైతే పక్కకు తప్పుకోవాలని మాకెవరూ పాఠంలా చెప్పలేదు. పెద్దవాళ్లు తప్పుకోవడం చూసి నేర్చుకున్నాం. ఒకరిని దూరంగా ఉంచితే తప్ప నిలవని శుభ్రత అది. సువార్తల్లోని పరిశుద్ధత దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. యేసు కుష్ఠరోగిని తాకుతాడు. సుంకరులతో కలిసి భోంచేస్తాడు. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో బావి దగ్గర ఒక సమరయ స్త్రీని తాగడానికి నీళ్లడుగుతాడు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలంలో ఆమె చేతి నీళ్లు అడగడమే అక్కడ అసలు విషయం. ఊరబావి దగ్గర ఎవరో పైనుంచి దోసిట్లో పోసేదాకా ఎదురుచూసిన అవ్వల మనుమలకు ఈ కథకు వ్యాఖ్యానం అవసరం లేదు.

తెలంగాణ పల్లెల్లో మాలలు, మాదిగలు క్రైస్తవంలోకి వచ్చింది ఎక్కువగా ఒక్కొక్కరుగా కాదు, వాడలుగా. వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు పనిచేసిన కరీంనగర్, మెదక్ ప్రాంతాల్లోనూ, అజరయ్య 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా బాధ్యత తీసుకున్న దోర్నకల్ ప్రాంతంలోనూ ఇదే జరిగింది. దేశమంతటా జరిగిన ఈ సామూహిక చేరికలపై 1933లో పికెట్ ఒక పెద్ద అధ్యయనం వెలువరించాడు. మెదక్‌లో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మహాదేవాలయాన్ని ఇవాళ పర్యాటకులు దాని ఎత్తు కోసం, రంగుటద్దాల కోసం చూస్తారు. వాడ మనిషి చెప్పులు విడిచి, తలెత్తుకుని, ఎవరూ ఆపకుండా లోపలికి నడిచి వెళ్లిన గుడిగా దాన్ని చూడాలని నేనంటాను. ఆ తరం కోరుకున్నది పరలోకం ఒక్కటే కాదు, కూర్చోవడానికి ఒక చోటు కూడా.

అయితే వచ్చినవాళ్ల వెంట కులమూ వచ్చింది. ఈ మాట బయటివాళ్లు వేసిన నింద కాదు. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికార విధానంలో సంఘం లోపల అంటరానితనం, వివక్ష ఉన్నాయని స్వయంగా ఒప్పుకుంది. తమిళనాడులోని తిరుచిరాపల్లి క్రైస్తవ శ్మశానంలో కులాల మధ్య కట్టిన గోడ గురించి చాలామంది విన్నదే. మా ఊరికి చెందిన కథ కాదిది, ఎక్కడో దక్షిణాన జరిగిందని మనం తప్పించుకోలేం. పూల అంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయినప్పుడు తొలి దళిత కార్డినల్ అని పత్రికలన్నీ రాశాయి. సంఘంలో దళితులే అత్యధికులైన దేశంలో ఆ వార్త అంత ఆలస్యంగా రావడాన్ని గురించి రాసినవాళ్లు తక్కువ.

మన ఉత్తర తెలంగాణలో ఈ జబ్బుకు వేరే రూపం ఉంది. ఇక్కడ సంఘాల్లో అగ్రకులాల వారు కొద్దిమందే. గోడ మాలలకు, మాదిగలకు మధ్య ఉంటుంది. ఒకే ఊళ్లో రెండు వాడలకు రెండు ఆరాధనలు. కొత్త పాస్టరు గారు వస్తున్నారంటే మొదట అడిగేది ఆయన ఏ వాడ మనిషి అనే. సంఘ పెద్దల ఎన్నికలో ఓట్లు ఎటు చీలుతాయో లెక్కపెట్టకముందే అందరికీ తెలుసు. ఇవన్నీ నడుస్తుండగానే ఉపవాస ప్రార్థనలూ నడుస్తాయి, కన్నీళ్లూ నిజంగానే కారుతాయి.

ఇతరుల సంగతి చెప్పి ఊరుకుంటే ఈ వ్యాసం రాయనక్కర లేదు. కొన్నేళ్ల క్రితం మా మేనకోడలు ఒక అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలే. వాళ్లది అవతలి వాడ. మా అక్క ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. మన పెళ్లిళ్లలో మేనమామ మాటకు ఎంత బరువుంటుందో తెలుగువారికి చెప్పనక్కర లేదు. తరగతి గదిలో కులనిర్మూలన గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నేను ఆ సాయంత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ నా మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నారు, అది అంగీకారమే కూడా. సంబంధం అక్కడితో ఆగిపోయింది. అవి శ్రమకాలపు రోజులు. ఆ పొద్దు నేను ఉపవాసం ఉన్నాను. అక్క పెట్టిన టీ కూడా వద్దన్నాను. టీ మానుకున్నంత తేలికగా కులాన్ని మానుకోలేకపోయాను.

అప్పటినుంచి యెషయా గ్రంథంలోని యాభై ఎనిమిదో అధ్యాయం నాకు సుఖంగా చదవడానికి వీలుకావడం లేదు. తల వంచుకుని, బూడిదలో కూర్చుని చేసే ఉపవాసాన్ని ఆ ప్రవక్త తిరస్కరిస్తాడు. కాడి మోకులు విప్పడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, సొంత రక్తసంబంధికి ముఖం చాటేయకపోవడం దేవుడు కోరే ఉపవాసమంటాడు. ఈ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

దీనికి చట్టం వైపునుంచి మరో ముడి ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులోని మూడో పేరా ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే మిగిలారు. ఆ పేరాను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా అమలు కాలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన దళితుడికి మిగిలేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినవారికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. మా ధర్మపురి శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. కాగితం మీద క్రైస్తవుడనని రాసుకున్న ధర్మపురి దళితుడు అక్కడ పోటీ చేయలేడు. అందుకే ఇంట్లో ఒక పేరు, తహసీలు కార్యాలయంలో ఒక పేరు. నిజం చెప్పడం పరిశుద్ధ జీవితానికి తొలి మెట్టు అనుకుంటే, ఆ మెట్టు మీదే పేదవాడి కాలు జారేలా చట్టం ఉంది. ఆ పిల్లలను అబద్ధికులని నిందించడానికి నాకు నోరు రాదు.

మతం మారితే కులం పోతుందని ప్రభుత్వ వాదన. పోలేదని మన వాదన. కమిషన్ల ముందు మనవాళ్లు ఇస్తున్న సాక్ష్యమంతా అదే. అయితే ఆ సాక్ష్యంలో సగం మనమీద మనం చెప్పుకుంటున్న సాక్ష్యమని గుర్తిస్తున్నామా? కులం సంఘంలో ఉందని కమిషన్‌కు అర్జీ పెట్టి, ఆదివారం నాడు లేదని నటించడం కుదరదు. ప్రభుత్వం ముందు ఫిర్యాదుగా చెప్పినదాన్ని దేవుడి ముందు పాపపు ఒప్పుకోలుగానూ చెప్పాలి.

ఐక్యత పేరుతో మా వాటాను మళ్లీ మరుగున పడేస్తారా అని మాదిగ మిత్రులు అడగవచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. 1994లో మొదలైన దండోరా ఉద్యమం, 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలైన వర్గీకరణ ఆ అనుమానానికి ఆధారం ఉందని చూపాయి. వాటా తేల్చుకున్న అన్నదమ్ములు ఒకే పంక్తిలో కూర్చోవడానికి అడ్డేమీ లేదు. నిజానికి వాటా తేలకుండా వేసిన పంక్తే ఎక్కువ రోజులు నిలవదు.

పంక్తి అనే మాట ఊరికే అనలేదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు ఆయనను అందరి ముందే నిలదీశాడు. తొలి సంఘంలోని పెద్ద తగాదాల్లో ఒకటి అన్నం దగ్గర వచ్చింది. కాబట్టి ఈ శ్రమకాలంలో పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా విన్నపం చిన్నది. నలభై దినాల్లో ఒక ఆదివారం రెండు వాడల సంఘాలు కలిసి ప్రభు సంస్కారం తీసుకోవాలి. ఆ తర్వాత భోజనం ఒక ఏడు ఈ వాడలో, మరుసటి ఏడు ఆ వాడలో, ఆయా ఇళ్లవాళ్లు వండిందే తినాలి. ఒక్క ప్రసంగమైనా కులం పేరెత్తి చెప్పాలి. పరిశుద్ధ గురువారం పాదాలు కడిగే ఆచారం ఉన్న చోట అవతలి వాడవారి పాదాలు కడగాలి. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆ ఆచారంలో స్త్రీలకూ చోటిచ్చారు, మనం పొరుగువాడకు ఇవ్వలేమా? పెళ్లి మాటలు వచ్చినప్పుడు సంఘ పెద్దలు అడ్డుపడేవారిగా కాక, పిల్లల పక్షాన నిలబడేవారిగా ఉండాలి.

నా వంతు వేరే ఉంది. ఈస్టరు తెల్లవారుజామున మా వాళ్లందరం సమాధుల దగ్గర కలుస్తాం, మా మేనకోడలూ వస్తుంది. ఆ సాయంత్రం మాట్లాడవలసిన మాటను అంతకుముందే ఆమె దగ్గరికి వెళ్లి చెప్పి, క్షమించమని అడగాలి. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడగకుండా మాత్రం ఈ ఏడు నా ఉపవాసం ముగియదు.