గీతలు దాచని ఫొటో

ఆన్‌లైన్ వేలంలో వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూసే వీలు ఉండదు గనుక, అమ్మకందారు పెట్టిన ఫొటోలు, రాసిన వివరాలే కొనుగోలుదారుకు ఆధారం. లోపాలు అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియని ఈ స్థితిని ఆర్థికశాస్త్రంలో ‘సమాచార అసమానత’ అంటారు. ఇది ముదిరితే మంచి సరుకుకు కూడా తగిన ధర పలకక, దాన్ని అమ్మేవారు తప్పుకుని, చివరకు మార్కెట్లో నాసిరకమే మిగులుతుందని జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించారు. ఆ కృషికే 2001లో ఆయన నోబెల్ పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు.

1995లో పియర్ ఒమిడ్యార్ అమెరికాలో ప్రారంభించిన ఈబేలో పాత కార్ల వేలాలను గ్రెగరీ లూయిస్ పరిశీలించి, ఎన్ని ఫొటోలు పెట్టారు, తుప్పు, గీతలు, సొట్టల గురించి ఏమి రాశారు అన్నదాన్ని బట్టి ధర మారుతోందని 2011లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. తలుపు కింది అంచున పట్టిన తుప్పును దగ్గరగా ఫొటో తీసి పెడితే కొనేవారు ఆ తుప్పు మేరకే ధర తగ్గించి పాడతారు. ఆ చోటు ఫొటోల్లో ఎక్కడా కనిపించకపోతే, అసలు ఎంత పాడైందోనన్న అనుమానంతో ఇంకా వెనక్కి తగ్గుతారు. పైగా రాసిపెట్టిన ప్రతి వివరమూ ఒప్పందంలో భాగమైపోతుంది కాబట్టి, అది అబద్ధమని తేలితే అమ్మినవారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ‘ఎడమ తలుపు మీద రెండంగుళాల గీత ఉంది’ అన్న వాక్యానికి ‘కండిషన్ సూపర్’ అన్న పొగడ్తకు లేని బలం ఇక్కడి నుంచే వస్తుంది.

అమ్మేవారి పేరుకూ విలువ ఉంటుంది. పాల్ రెస్నిక్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, అనుభవమున్న ఒక అమ్మకందారు ఒకే తరహా పాత పోస్టుకార్డులను తన అసలు ఖాతాలోనూ, కొత్త ఖాతాల్లోనూ వేలానికి పెట్టగా, అసలు ఖాతాకు సుమారు 8 శాతం ఎక్కువ చెల్లించడానికి కొనుగోలుదారులు సిద్ధపడ్డారు.

తెలుగునాట సర్కారువారి పాట అని పిలిచే ప్రారంభ ధర సంగతి ఇంకాస్త చిక్కైనది. అది తక్కువగా ఉంటే ఎక్కువమంది పాటలోకి దిగుతారు, ఆ సందడి చూసి మరికొందరు వస్తారు, ఒకసారి పాడినవారు సమయం వెచ్చించిన వస్తువును సులభంగా వదులుకోరు; అలా తక్కువతో మొదలైన వేలం ఎక్కువ ధరతో ముగియవచ్చని జిలియన్ కూ, ఆడమ్ గాలిన్‌స్కీ, కీత్ మర్నిఘన్ 2006లో వెల్లడించారు. అయితే జనం చేరగలిగినప్పుడే ఈ ఎత్తు పారుతుంది. బ్రాండు పేరులో ఒక్క అక్షరం తప్పుపడినా ఆ వస్తువు వెతికేవారి కంటపడదు, పోటీకి రావలసినవారు రారు, తక్కువగా పెట్టిన ప్రారంభ ధర దగ్గరలోనే పాట ఆగిపోతుంది.