లినక్సులో డయల్-అప్ మోడెము అమరిక

లినక్సు వంటి స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థలలో డయల్-అప్ మోడెము అమరిక అనగా, కంప్యూటరుకు తగిలించిన మోడెమును వ్యవస్థ గుర్తించునట్లు చేసి, దాని ద్వారా టెలిఫోను తీగపై అంతర్జాల సేవాదారునికి ఫోను చేయించి, పిమ్మట పీపీపీ అను నియమావళి ప్రకారం అనుసంధానమును నెలకొల్పుట. 1990ల చివరి నుండి 2000ల మధ్య వరకు ఇంటిలో లినక్సు వాడదలచిన వారికి ఎదురైన మొదటి పెద్ద అడ్డంకి ఇదే. భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న సామాన్య ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినది మొదలు, బ్రాడ్‌బ్యాండ్ విస్తరించే వరకు, ఇళ్ళలోని వారికి డయల్-అప్ ప్రధాన మార్గంగా ఉండేది. అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30న నిలిపివేసింది.

మోడెములలో భేదాలు

కంప్యూటరు నుండి వచ్చే అంకెల సమాచారాన్ని టెలిఫోను తీగపై పోగల ధ్వని సంకేతాలుగా మార్చుట, అవతలి నుండి వచ్చిన ధ్వనిని తిరిగి అంకెలుగా మార్చుట మోడెము పని. 1998లో వెలువడిన వి.90 ప్రమాణం ప్రకారం దిగుమతి వేగం సెకనుకు గరిష్ఠంగా 56 కిలోబిట్లు, ఎగుమతి వేగం 33.6 కిలోబిట్లు. ఈ పనికి కావలసిన చిప్పులన్నీ తనలోనే ఉన్న మోడెమును హార్డువేరు మోడెము అంటారు. సీరియల్ పోర్టుకు తగిలించే పెట్టె వంటి మోడెములు ఎక్కువగా ఈ రకానివే. వీటికి ప్రత్యేక డ్రైవరు అక్కరలేదు. హేయిస్ సంస్థ 1981లో తన స్మార్ట్‌మోడెముతో ప్రవేశపెట్టిన ఏటీ ఆదేశాలు పంపితే చాలు, ఏ వ్యవస్థలోనైనా పనిచేస్తాయి.

చిక్కంతా రెండవ రకంతో వచ్చింది. ధర తగ్గించుటకై తయారీదారులు చిప్పులను తీసివేసి, వాటి పనిని కంప్యూటరు ప్రాసెసరుకే అప్పగించారు. ఆ పనిని చేయించే డ్రైవరును విండోస్‌కు మాత్రమే వ్రాశారు. అందువలన వీటికి విన్‌మోడెములు అని పేరు వచ్చింది (ఇది మొదట యు.ఎస్. రోబోటిక్స్ సంస్థ వ్యాపారచిహ్నం). కంప్యూటరుతో పాటు లోపల అమర్చి వచ్చే చవక కార్డులు, ల్యాప్‌టాపుల మోడెములు చాలావరకు ఇవే. వీటి అంతర్గత వివరాలను సంస్థలు బయటపెట్టలేదు. కనుక లినక్సు డ్రైవరు దొరికినా, అందులో కీలక భాగం మూలసంకేతం లేని మూసిన ఫైలుగానే ఉండేది. లూసెంట్, కొనెక్సాంట్, స్మార్ట్‌లింక్, ఇంటెల్ చిప్పులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క డ్రైవరు. కొనెక్సాంట్ చిప్పుల డ్రైవరును కెనడాకు చెందిన లినక్సాంట్ సంస్థ పంపిణీ చేసింది. దాని ఉచిత ప్రతి వేగం 14.4 కిలోబిట్లకే పరిమితం, పూర్తి వేగం కావాలంటే సొమ్ము చెల్లించవలసిందే. తన డ్రైవరు జీపీఎల్ లైసెన్సుకు చెందినదని కెర్నెలు భ్రమించేలా లైసెన్సు వాక్యంలో ఒక శూన్యాక్షరం చొప్పించిందని 2004లో ఈ సంస్థపై విమర్శ వచ్చింది.

కెర్నెలును మార్చిన ప్రతిసారీ ఈ డ్రైవరును తిరిగి కంపైలు చేయవలసి వచ్చేది. అందుకు కావలసిన హెడరు ఫైళ్ళు డిస్కులో లేకపోతే అంతర్జాలం నుండి తేవాలి, అంతర్జాలానికి మోడెము కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్లు! ఇంటిలో ఒకే కంప్యూటరు ఉన్నవారు విండోస్‌ను తొలగించక ప్రక్కనే ఉంచుకొనుటకు ఇదొక ముఖ్య కారణం.

అమరిక విధానం

ముందుగా మోడెము ఏ రకమో తెలుసుకోవాలి. లోపలి కార్డు అయితే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం చిప్పు పేరు చూపుతుంది. విన్‌మోడెము వాడుకరుల కోసం తయారైన స్కాన్‌మోడెమ్ అను స్క్రిప్టు, ఏ డ్రైవరు అవసరమో కూడా సూచించేది. సీరియల్ మోడెము అయితే విండోస్‌లో కామ్1 అని పిలిచే పోర్టు లినక్సులో టీటీవైఎస్0 అవుతుంది, కామ్2 టీటీవైఎస్1 అవుతుంది. అంకె ఒకటి తగ్గుతుందని గమనించాలి. డెబియన్‌లో ఈ పోర్టును వాడుటకు వాడుకరి డయలౌట్ సమూహంలో సభ్యుడై ఉండాలి.

అసలు అనుసంధానాన్ని నడిపేది పీపీపీడీ అను ప్రోగ్రాము. పూర్వం దీనికి తోడుగా చాట్ స్క్రిప్టును చేతితో వ్రాసేవారు. ఆ శ్రమను డబ్ల్యూవీడయల్ తగ్గించింది. దీనితో వచ్చే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ ఆదేశం పోర్టులన్నీ తడిమి, మోడెము దొరికితే అమరిక ఫైలును తానే తయారుచేస్తుంది. ఆ ఫైలులో ఫోను నంబరు, వాడుకరి పేరు, సంకేతపదం మనం పూరించాలి. ఈ మూడు వరుసల ముందు సెమికోలన్ ఉంటుంది. దానిని తీసివేయకపోతే ఆ వరుసలు వ్యాఖ్యలుగా మిగిలిపోతాయి. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. కిటికీలు, బొత్తాలు ఇష్టపడేవారికి కేడీఈలో కేపీపీపీ, గ్నోమ్‌లో గ్నోమ్-పీపీపీ ఉండేవి.

తరచుగా ఎదురయ్యే చిక్కులు

ఫోనులో డయల్‌టోను వినబడుతున్నా మోడెము "నో డయల్‌టోన్" అని నిరాకరించవచ్చు. ఎక్స్ఛేంజి పంపే స్వరం మోడెము ఎదురుచూసే స్వరం కాకపోవుట ఇందుకు కారణం. ప్రారంభ ఆదేశానికి ఎక్స్3 చేర్చితే మోడెము స్వరం కోసం వేచిచూడకుండా డయలు చేస్తుంది. పల్స్ డయలింగు మాత్రమే ఉన్న పాత ఎక్స్ఛేంజీలకు ఏటీడీటీ బదులు ఏటీడీపీ వాడాలి. అర్ధరాత్రి ఆ కీచు శబ్దానికి ఇంట్లోవాళ్ళు లేవకుండా ఉండాలంటే ఎం0 చేర్చాలి.

అనుసంధానం కుదిరినా పేజీలు రాకపోతే దారి చూడాలి. నెట్‌వర్కు కార్డుకు ముందే ఒక డిఫాల్టు దారి నిర్దేశించి ఉంటే, పీపీపీడీ మామూలుగా దానిని మార్చదు. ఆ పాత దారిని తొలగించి మళ్ళీ డయలు చేయాలి. అంకెల చిరునామాకు పింగ్ అందుతూ పేరుకు అందకపోతే లోపం డీఎన్ఎస్‌ది. సేవాదారుని డీఎన్ఎస్ చిరునామాలను స్వీకరించుటకు యూజ్‌పీర్‌డీఎన్ఎస్ అను ఎంపిక ఉంది. అవతలి యంత్రం పేరు, సంకేతపదం అడగక నేరుగా పీపీపీ మొదలుపెట్టే చోట "స్టుపిడ్ మోడ్" అను వరుసను ఎస్ అని మార్చాలి. పేరు చూసి సంకోచించనక్కరలేదు.

మొబైలు కాలంలో

తీగ ఫోను తరువాత కూడా ఈ పరిజ్ఞానం కొంతకాలం ఉపయోగపడింది. సీడీఎంఏ ఫోనును డేటా కేబులుతో తగిలించి #777 నంబరుకు, జీఎస్ఎం ఫోను లేదా 3జీ డాంగిలు అయితే *99# నంబరుకు ఇదే డబ్ల్యూవీడయల్‌తో డయలు చేసేవారు. మారేది పోర్టు పేరే: టీటీవైయూఎస్‌బీ0 లేదా టీటీవైఏసీఎం0. కొన్ని డాంగిళ్ళు మొదట సీడీ డ్రైవులా కనబడేవి. వాటిని మోడెముగా మార్చుటకు యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ వాడేవారు. తరువాత నెట్‌వర్క్‌మేనేజరు, మోడెమ్‌మేనేజరు ఈ పనులను తామే చేపట్టాయి. స్మార్ట్‌లింక్ డ్రైవరులోని మూసిన భాగం మాత్రం 32 బిట్ల ప్రాసెసరుకే తయారైనది.